నీటికి లెక్కుంది, మడ్డికి లెక్కేదీ?



హైదరాబాదులో అంబర్‌పేట దగ్గర, మూసీ ఒడ్డున, ఒక మురుగునీటి శుద్ధి కేంద్రం ఉంది. రోజుకు 33 కోట్ల 90 లక్షల లీటర్ల మురుగును శుద్ధి చేసేలా దాన్ని కట్టారు. దేశంలోని పెద్ద కేంద్రాల్లో అదొకటి. నగరంలో జనం స్నానం చేసిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు, మరుగుదొడ్లలో పోసిన నీళ్లు గొట్టాల వెంట అక్కడికి చేరతాయి. అక్కడ కొంత తేటపడి మూసీలో కలుస్తాయి. ఇంతవరకు మనకు తెలుసు. పత్రికలు కూడా ఇంతవరకే రాస్తాయి.

మరి నీళ్లు తేటపడ్డాయంటే వాటిలోని మురికి ఎక్కడికి పోయింది? కొంత వాయువుగా మారి పోతుంది. మిగిలినది ట్యాంకుల అడుగున నల్లగా, చిక్కగా పేరుకుంటుంది. ఇంజనీర్లు దాన్ని స్లడ్జి అంటారు, మనం మురుగు మడ్డి అనుకుందాం. ఈ పూట నేను మాట్లాడేది ఆ మడ్డి గురించే. వినడానికి కాస్త ఇబ్బందిగా ఉండే విషయమే. ఇబ్బందిపడి అందరం ముఖం తిప్పుకోబట్టే ఇది ఇన్నాళ్లూ ఎవరి కంటా పడకుండా సాగిపోయింది.

మడ్డి ఎంత వస్తుందో ముందు చూద్దాం. పది లక్షల లీటర్ల మురుగును శుద్ధి చేస్తే, తడి అంతా పోగా, సుమారు రెండు వందల కిలోల మడ్డి మిగులుతుందని ఇంజనీర్లు ఒక మోటు లెక్క వేస్తారు. శుద్ధి పద్ధతిని బట్టి ఇది కొంత తగ్గవచ్చు, పెరగవచ్చు. హైదరాబాదులో పాత కేంద్రాలు 25. వాటి సామర్థ్యం రోజుకు 772 మిలియన్ లీటర్లు. వాటికి తోడు మరో 31 కొత్త కేంద్రాలకు 2021లో 3,866 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. ఆ కొత్తవాటి సామర్థ్యం 1,259 మిలియన్ లీటర్లకు పైనే. రెండూ కలిపితే రెండు వేల మిలియన్ లీటర్లు దాటుతుంది. అన్నీ నిండుగా నడిస్తే ఒక్క నగరం నుంచి రోజుకు నాలుగు వందల టన్నుల ఎండు మడ్డి వస్తుందన్నమాట. అది ఎండు లెక్క. యంత్రాలతో పిండిన తర్వాత కూడా మడ్డిలో నాలుగింట మూడు వంతులకు పైగా నీళ్లే ఉంటాయి కనుక లారీలకెత్తే బరువు దానికి నాలుగైదు రెట్లు. మురుగును ఎంత బాగా శుద్ధి చేస్తే అంత ఎక్కువ మడ్డి తేలుతుంది. నది బాగుపడుతున్న కొద్దీ ఈ గుట్ట పెరుగుతుంది.

ఇప్పుడు చట్టం సంగతి చూద్దాం. నీటి కాలుష్య నివారణ చట్టం మనకు 1974లో వచ్చింది. వాగుల్లో, చెరువుల్లో, బావుల్లో విషపదార్థాలు, కలుషితాలు పడేయరాదని అందులోనే స్పష్టంగా ఉంది. శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీరు ఎలా ఉండాలో కేంద్ర పర్యావరణ శాఖ 2017 అక్టోబరులో అంకెలతో సహా చెప్పింది. నీటిలో కుళ్లే పదార్థాన్ని బీవోడీ అనే కొలతతో లెక్కిస్తారు. పెద్ద నగరాల్లో అది లీటరుకు 20 మిల్లీగ్రాములు, మిగతా చోట్ల 30 దాటకూడదు. ఆ పరిమితి చాలదని, ఇంకా బిగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ఆదేశించింది. దాని మీద వాదోపవాదాలు జరిగాయి. మంచిదే. నీటి గురించి పోట్లాడేవాళ్లు ఉన్నారు.

మడ్డి దగ్గరికి వచ్చేసరికి ఈ పట్టుదల కనిపించదు. దాన్ని కంపోస్టుగా అమ్మదలిస్తే 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు వర్తిస్తుంది. కిలోలో సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5, పాదరసం 0.15 మించరాదని అందులో ఉంది. ఘన వ్యర్థాల నిబంధనలు కూడా 2016లో కంపోస్టుకు ఇవే అంకెలు పెట్టాయి. ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేయగా వచ్చిన రసాయన మడ్డి అయితే ప్రమాదకర వ్యర్థాల కిందికి వస్తుంది. దాన్ని దుండిగల్‌లో ఉన్నటువంటి ప్రత్యేకమైన చోట్లకే పంపాలి. ఈ రెండు గట్ల మధ్య ఉన్నదే మన ఊళ్ల మడ్డిలో సింహభాగం. అది కంపోస్టని ఎవరూ అమ్మరు, ప్రమాదకరమని ఎవరూ ఒప్పుకోరు. కేంద్రం ఆవరణలో గుట్ట పోస్తారు. ఎవరైనా ట్రాక్టరు తెచ్చుకుంటే ఇచ్చేస్తారు, లేదంటే చెత్తతోపాటు డంపింగ్ యార్డుకు తోలుతారు. ఏ గుట్ట ఎవరి పొలానికి వెళ్లిందో, వెళ్లేముందు పరీక్ష జరిగిందో లేదో మామూలు పౌరుడు తెలుసుకోవడం కష్టం. నీటికి గేటు దగ్గర కాపలా ఉంది, మడ్డి మాత్రం వెనక గుమ్మం గుండా వెళ్లిపోతోంది.

రైతుకు ఇస్తే తప్పేమిటి, ఎరువే కదా అని మీరు అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్న. మడ్డిలో నత్రజని ఉంది, భాస్వరం ఉంది, నేలకు బలమిచ్చే సేంద్రియ పదార్థం ఉంది. భాస్వరం ఎరువుల తయారీకి కావలసిన ముడిరాయిని మనం చాలావరకు విదేశాల నుంచే కొనుక్కుంటున్నాం. ఇంటిలోని భాస్వరాన్ని డంపింగ్ యార్డులో పూడ్చేసి పరాయి దేశాల రాయిని డాలర్లు పోసి తెచ్చుకోవడం నాకు సబబుగా తోచదు. మడ్డి చివరకు నేలకే చేరాలన్నది నా అభిప్రాయం. కాకపోతే ఆ మడ్డిలో ఏముందో ముందు తెలియాలి. మురుగు గొట్టంలోకి ఏం వదులుతున్నారో దాన్ని బట్టే మడ్డి గుణం ఉంటుంది.

పటాన్‌చెరు సంగతి తెలిసినవాళ్లకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు. హైదరాబాదు పక్కనే ఉన్న ఆ ఊళ్లో మందుల కంపెనీలు, రసాయన కర్మాగారాలు వెలిశాక నక్కవాగు, దాని చుట్టుపక్కల చెరువులు, బోర్లు పాడైపోయాయి. ఆ ప్రాంతం తరఫున 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. ఆ ఊళ్లో వైద్యం చేస్తూ, వచ్చే రోగుల్ని చూసి కదిలిపోయిన డాక్టర్ కిషన్‌రావు దశాబ్దాల పాటు దాని కోసం పోరాడారు. కర్మాగారాల మురుగు కోసం అక్కడ ఒక ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టారు. దాని నుంచి శుద్ధి అయి బయటికొచ్చిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్తల బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా దొరికింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే ఇది ఎక్కువ. ప్రపంచమంతా ఉలిక్కిపడిన అంకె అది.

ఆ తర్వాత ఏం చేశారు? వాగులోకి వదలకుండా 18 కిలోమీటర్ల గొట్టం వేసి, ఆ నీటిని బాలానగర్ దగ్గర నగరపు మురుగు కాలువలో కలిపి, అంబర్‌పేట కేంద్రానికి చేర్చారు. అక్కడి జనం వద్దన్నారు, పర్యావరణవేత్తలు వద్దన్నారు. నక్కవాగు వైపు నుంచి చూస్తే ఆ గొట్టం ఉపశమనమే, ఆ ఊళ్ల వాళ్లు పడిన బాధ మామూలుది కాదు. కానీ ఇళ్ల మురుగుకోసం కట్టిన కేంద్రం సూక్ష్మజీవులతో పనిచేస్తుంది. మలాన్ని, ఎంగిలి మెతుకులను తిని అరిగించుకోవడమే వాటికి తెలుసు. లోహాలను అవి అరిగించుకోలేవు. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులైతే నీటిలో ఉండేదానికంటే మడ్డిని పట్టుకుని ఉండేదే ఎక్కువ. అంటే పటాన్‌చెరు మురుగును ఇళ్ల మురుగులో కలిపిన రోజే అంబర్‌పేట మడ్డి మీద అనుమానపు ముద్ర పడింది. పలుచన చేస్తే పరిమితుల లోపలికి వస్తుందన్న ఆలోచన నీటి పరీక్షలో గెలవవచ్చు, మడ్డి దగ్గర అది చెల్లదు. అందుకే ఫ్యాక్టరీల మురుగును ఇళ్ల మురుగులో కలపనివ్వకూడదు. మడ్డికి సంబంధించిన చట్టం ఏదైనా మొదలుకావలసింది అక్కడే.

ఈ విషయంలో మనకంటే ముందు నడిచిన దేశాలు ఏం నేర్చుకున్నాయో చెబుతాను. న్యూయార్క్ నగరం దశాబ్దాల తరబడి తన మడ్డిని పడవలకెత్తి అట్లాంటిక్ సముద్రంలో పోసింది. 1988లో అమెరికా అలా పోయడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. 1992 జూన్‌తో అది ఆగింది. ఆగాక మడ్డి రైలెక్కింది. దేశానికి అడ్డంగా ప్రయాణించి టెక్సాస్‌లో, మెక్సికో సరిహద్దు దగ్గర, సియెర్రా బ్లాంకా అనే చిన్న పేద ఊరి పక్కన బీడు నేలల మీద పడింది. తొమ్మిదేళ్ల పాటు అలా సాగింది. నీటి నుంచి తప్పించిన మురికి నోరులేని వాళ్ల ముంగిట వాలుతుందనడానికి అంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

అదే అమెరికా 1993లో మడ్డి కోసమే ప్రత్యేకంగా ఒక నిబంధనావళి తెచ్చింది. అది చాలావరకు పకడ్బందీగా ఉంది. మడ్డిని రెండు తరగతులు చేశారు. మొదటి తరగతి కావాలంటే అందులో రోగకారక క్రిములు దాదాపు లేకుండా చేయాలి. ఉదాహరణకు కంపోస్టు చేస్తుంటే కుప్పలోపల 55 డిగ్రీల వేడి మూడు రోజులు నిలవాలి. ఆరుబయట వరుసలుగా పోసి తిరగేసే పద్ధతి అయితే పదిహేను రోజులు నిలవాలి, ఆ మధ్యలో ఐదుసార్లు కుప్పను తిరగేయాలి. రెండో తరగతి మడ్డి వేసిన పొలంలో పశువుల్ని ఎన్నాళ్లు మేపకూడదో, కూరగాయలు ఎన్నాళ్లు పండించకూడదో కూడా రాశారు. లోహాలకు పరిమితులు పెట్టారు. ఇంత చేసినా ఒకటి తప్పిపోయింది. నాన్‌స్టిక్ పెనాల్లో, మరకలంటని బట్టల్లో, మంటలార్పే నురగలో వాడే పీఫాస్ అనే రసాయనాలు ఆ జాబితాలో లేవు. అవి నేలలో పడితే తరాలు గడిచినా విరగవు. మెయిన్ రాష్ట్రంలో ఎప్పుడో మడ్డి చల్లిన పొలాల్లో మేసిన ఆవుల పాలల్లో అవి తేలాయి. పాడి రైతులు పాలు పారబోసుకుని, చివరికి వ్యాపారం మూసుకున్నారు. 2022లో ఆ రాష్ట్రం మడ్డిని పొలాలకు వేయడమే నిషేధించింది. అమెరికా కేంద్ర పర్యావరణ సంస్థ ఆ రసాయనాల్లో రెండింటి మీద ముసాయిదా అంచనా వెలువరించేసరికి 2025 జనవరి అయింది. నష్టపోయిన రైతు తప్పేమీ చేయలేదు. ప్రభుత్వం మంచిదన్నదే తెచ్చి వేసుకున్నాడు.

స్విట్జర్లాండ్ అయితే 2006 నుంచే పొలాలకు మడ్డి వద్దని, కాల్చేయమంది. జర్మనీ పెద్ద కేంద్రాలన్నీ 2029 నుంచి మడ్డిలోని భాస్వరాన్ని విడదీసి తీయాలని శాసించింది. మనం వాటిని మక్కీకి మక్కీ తెచ్చుకోనక్కర్లేదు. మన పొలాలకు సేంద్రియ పదార్థం కరువు, కాల్చేందుకు కావలసిన ఖర్చు మన మున్సిపాలిటీలు భరించలేవు. కానీ పొలానికి వేశాక కాదు, వేయకముందే పరీక్షించాలన్న పాఠం మాత్రం మనం వాళ్ల నష్టం నుంచి నేర్చుకోవచ్చు.

ఇప్పటిదాకా డ్రైనేజీ గొట్టాలున్న నగరం గురించి చెప్పాను. నిజానికి మనలో ఎక్కువమంది ఇళ్లకు ఆ గొట్టాలే లేవు. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని పట్టణ కుటుంబాల్లో నూటికి ముప్పైమూడు ఇళ్ల మరుగుదొడ్లు డ్రైనేజీకి కలిసి ఉన్నాయి. సెప్టిక్ ట్యాంకులున్నవి ముప్పైఎనిమిది. తర్వాతి ఏళ్లలో కట్టిన మరుగుదొడ్లు చాలావరకు గుంటలకో ట్యాంకులకో కలిపినవే. కనుక మన మడ్డి కథ పెద్ద కేంద్రాల్లో కంటే మన పెరళ్లలోనే ఎక్కువ నడుస్తోంది.

"మా ట్యాంకు కట్టి పాతికేళ్లయింది, ఇంతవరకూ తీయించే పనే పడలేదు" అని కొందరు గొప్పగా చెబుతుంటారు. దయచేసి ఈ మాట శ్రద్ధగా వినండి. సరిగ్గా కట్టిన ట్యాంకు రెండు మూడేళ్లకోసారి తీయించాలి. పాతికేళ్లయినా ట్యాంకు నిండలేదంటే దానికి అడుగు లేదని అర్థం, లేదా పక్క గోడల్లోంచి ఊరిపోతోందని, లేదా మడ్డి బయటి కాలువలోకి కొట్టుకుపోతోందని అర్థం. కింద సిమెంటు వేయని ట్యాంకు నేరుగా భూగర్భ జలంలోకి దిగుతుంది. అదే వీధిలో మీ బోరు ఉంటుంది, పక్కింటివాళ్ల బోరు ఉంటుంది. తాగే నీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. ట్యాంకు పక్కన బోరున్నవాళ్లు ఒకసారి పరీక్ష చేయించుకోండి. ట్యాంకులో నుంచి వచ్చే నీరు ఇంకుడు గుంతలోకి పోవాలి. మన ఊళ్లలో ఆ గుంతకు జాగా వదలకుండా, గొట్టాన్ని తిన్నగా వీధి కాలువలో పెట్టేస్తున్నారు. ఇల్లు కట్టేటప్పుడు ప్లానులో గుంత ఉంటుంది, కట్టాక ఉండదు. ప్లాను ఆమోదించినవాళ్లు తర్వాత ఒక్కసారి వచ్చి చూస్తే చాలు.

తీయించేవాళ్లు ఏం చేస్తున్నారు? గోడల మీద రాసి ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే బండి వస్తుంది. మూడు నుంచి ఐదు వేల లీటర్ల ట్యాంకరు. మూత తీసి, వెదురు గెడతో అడుగు కలియబెట్టి, గట్టిపడితే రెండు బకెట్ల నీళ్లు పోసి, గొట్టం దింపి మోటారు వేస్తారు. అరగంటలో ట్యాంకు ఖాళీ. బండి వీధి దాటాక మన బాధ్యత తీరిందనుకుంటాం. అలాంటి ఒక్క బండిని బయట పారబోస్తే ఐదు వేల మంది ఒకేచోట బహిర్భూమికి వెళ్లినంత పని అని పారిశుద్ధ్య నిపుణులు చెబుతారు. మామూలు మురుగుకంటే ఆ మడ్డి పదింతలు, ఒక్కోసారి వందింతలు చిక్కగా ఉంటుంది. చీకటిపడ్డాక ఊరి చివర వాగులోనో, చెరువు అలుగు దగ్గరో, బైపాసు పక్క గోతిలోనో గొట్టం వదిలేస్తే ఆ మరునాడు ఆ చెరువులో చేపలు చచ్చి తేలతాయి. దానికి కారణం ఎవరో ఎవరికీ తెలియదు.

బండి యజమానిని ఒక్కణ్నే తిట్టడం నాకు ఇష్టం లేదు. అతను అప్పు చేసి బండి కొన్నాడు. ఊళ్లో పోయడానికి చోటు చూపించలేదు. చోటు చూపించిన ఊళ్లో కూడా అది ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంటే డీజిలు ఖర్చు ఎవరివ్వాలి? మనం తక్కువ ధర చెప్పినవాణ్నే పిలుస్తాం. దూరం వెళ్లి పద్ధతిగా పోసేవాడు ఆ పోటీలో నిలబడలేడు. చట్టం ఇక్కడ జరిమానా ఒక్కటే పట్టుకుని కూర్చుంటే లాభం లేదు. వాళ్లకు లైసెన్సు ఇవ్వాలి, పోయడానికి దగ్గరలో చోటివ్వాలి, పోసినట్టు రసీదు ఇవ్వాలి, ఆ రసీదు ఉంటేనే డబ్బు రావాలి.

ఈ పని ఎవరు చేస్తున్నారన్నది కూడా చెప్పాలి. బండి వెళ్లలేని సందుల్లో, మడ్డి రాయిలా గట్టిపడినప్పుడు, మనిషిని లోపలికి దింపుతారు. ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు ఉంటుంది. కొంచెం ఉంటే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. ఎక్కువైతే ముందు ముక్కు మొద్దుబారిపోతుంది, వాసన పోయిందని మనిషి ధైర్యంగా దిగుతాడు. క్షణాల్లో పడిపోతాడు. అతన్ని లాగుదామని రెండోవాడు దిగుతాడు. అన్నదమ్ములు, తండ్రీకొడుకులు ఒకే ట్యాంకులో పోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. 2013 చట్టం రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి, మ్యాన్‌హోల్లోకి దింపడాన్ని నిషేధించింది. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. చనిపోయిన వారి కుటుంబానికి పది లక్షలివ్వాలని 2014లో అన్న సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో దాన్ని ముప్పై లక్షలు చేసింది. 2014 తీర్పు వెనక సఫాయి కర్మచారి ఆందోళన్ సుదీర్ఘ పోరాటం ఉంది. కోలార్ బంగారు గనుల్లో పారిశుద్ధ్య కార్మికుల ఇంట పుట్టిన బెజవాడ విల్సన్, పేదల పక్షాన నిలిచిన మన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ ఆ ఉద్యమాన్ని నిలబెట్టినవాళ్లు. మీ ఇంటి ట్యాంకులోకి మనిషి దిగబోతుంటే దయచేసి ఆపండి. కూలి ఇచ్చి దింపిన ఇంటి యజమాని కూడా చట్టం ముందు దోషే. యంత్రం కావాలంటే 14420 నంబరుకు ఫోన్ చేయండి.

మన దగ్గర మంచి పని జరగలేదని కాదు. వరంగల్ నగరపాలక సంస్థ 2016లోనే సెప్టిక్ ట్యాంకుల మడ్డి మీద సొంత నిబంధనలు చేసుకుంది. దేశంలో ఈ పని చేసిన తొలి నగరం అదేనని చెబుతారు. కేంద్రం జాతీయ విధానం ప్రకటించింది ఆ తర్వాత, 2017 ఫిబ్రవరిలో. బెంగళూరు పక్కన దేవనహళ్లిలో 2015లో రోజుకు ఆరు వేల లీటర్ల మడ్డిని శుద్ధి చేసే కేంద్రం మొదలైంది. పశ్చిమ గోదావరి నరసాపురంలో, వరంగల్‌లో మడ్డిని ఆరబెట్టి, గాలి తగలకుండా వేడిచేసి బొగ్గులా మార్చే పద్ధతి పెట్టారు. అంత వేడికి ఏ క్రిమీ బతకదు.

సాదా పద్ధతిలో అయితే మడ్డిని ఇసుక, కంకర పరిచిన మళ్లలో పోసి ఎండబెడతారు. అలాంటి మడి ఒకటి చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. పోసిన రోజు నల్లటి పులుసులా ఉంటుంది. నీరు కింద ఇసుకలోంచి దిగిపోతుంది. వారం పది రోజులకు ఎండిన చెరువు అడుగులా పెచ్చులు పెచ్చులుగా నెర్రెలిస్తుంది. పారతో ఎత్తితే చెక్కలా లేస్తుంది. వాసన అంత ఉండదు. ఆ నెర్రెల్లోంచి టమాటా మొక్కలు లేస్తాయి, ఒక్కో మడిలో చిన్న తోటలా లేస్తాయి. మనిషి తిన్న టమాటా గింజ కడుపులోంచి, సెప్టిక్ ట్యాంకులోంచి, బండిలోంచి బతికి బయటపడింది. గింజే అలా బతికిందంటే, నులిపురుగుల గుడ్లు కూడా బతుకుతాయి. ఏలికపాము గుడ్డు మట్టిలో ఏళ్ల తరబడి చావకుండా ఉండగలదు. అందుకే ఎండబెట్టగానే సరిపోదు. ఎండు మడ్డిలో గ్రాముకు ఒక నులిపురుగు గుడ్డు కూడా మిగలకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాల్లో చెప్పింది. దాన్ని కంపోస్టు వేడిలో మగ్గబెట్టాలి, లేదా చాలాకాలం నిలవ ఉంచాలి. ఎండగానే బస్తాలకెత్తి నర్సరీలకు అమ్మితే ఆ మట్టిని పిసికే ఆడవాళ్ల గోళ్లలోకి, వాళ్ల పిల్లల కడుపుల్లోకి పోతుంది.

కట్టిన కేంద్రాలకు వచ్చే చిక్కు వేరు. బండ్లు రావు. మహారాష్ట్రలోని వాయ్, సిన్నర్ పట్టణాలు దీనికి ఒక దారి చూపాయి. ఇంటివాళ్లు ఫోన్ చేసేదాకా ఆగకుండా, మున్సిపాలిటీయే వీధుల వరుసన మూడేళ్లకోసారి ప్రతి ఇంటి ట్యాంకూ తీయించేలా ఏర్పాటు చేసుకున్నాయి. ఖర్చు పన్నుతోనే వసూలవుతుంది. విడిగా డబ్బు అడగరు కాబట్టి వద్దనేవాళ్లు తక్కువ. తీసినదంతా కేంద్రానికే చేరుతుంది, మధ్యలో పారబోసే అవసరం ఎవరికీ లేదు. మన పట్టణాలు కూడా చెత్తబండిని ఇంటింటికీ పంపడం నేర్చుకున్నాయి. ఇది దానికంటే కష్టమేమీ కాదు, మూడేళ్లకు ఒక్కసారి.

కేంద్ర పర్యావరణ శాఖ 2024 అక్టోబరులో ద్రవ వ్యర్థాల నిర్వహణకు ముసాయిదా నిబంధనలు వెలువరించింది. మురుగునీటి పునర్వినియోగం మీద వాటిలో చాలా శ్రద్ధ ఉంది. మడ్డి మీద కూడా అంత శ్రద్ధ కావాలి. ప్రతి శుద్ధి కేంద్రం ఎన్ని టన్నుల మడ్డి తీసింది, అందులో లోహాలు ఎంత, క్రిములు ఎంత, ఎవరు పట్టుకెళ్లారు, ఏ సర్వే నంబరు పొలంలో వేశారు అన్నది నెలనెలా బయటపెట్టాలి. కాలుష్య నియంత్రణ మండలి నీటి నమూనా తీసుకెళ్లిన చేత్తోనే మడ్డి నమూనా కూడా తీసుకెళ్లాలి. ఇళ్ల మురుగు వెళ్లే గొట్టంలోకి ఫ్యాక్టరీ మురుగు వదిలినవాళ్ల అనుమతి రద్దు కావాలి.

ఇవి పైనుంచి రావలసినవి. అవి వచ్చేదాకా మనం ఆగనక్కర్లేదు. మీ మున్సిపాలిటీకి ఒక దరఖాస్తు పెట్టండి. మన ఊళ్లో సెప్టిక్ ట్యాంకులు తీసే బండ్లు ఎన్ని ఉన్నాయి, వాటిలో లైసెన్సు ఉన్నవి ఎన్ని, గత ఏడాది అవి మడ్డిని ఎక్కడ పోశాయి అని అడగండి. సమాచార హక్కు చట్టం కింద ముప్పై రోజుల్లో జవాబు ఇచ్చి తీరాలి. దరఖాస్తు రుసుము పది రూపాయలకు మించదు.